వెంటిలేటర్ లేని గోడ

శుక్రవారం ఉదయం ఏడుంబావు.

కాఫీ గ్లాసుతో పెరటి షెడ్డులోకి వెళ్లిన కూతురికి, బాత్రూంలో కింద పడి ఉన్న తల్లి కనిపించింది. బకెట్ పొంగి నీళ్లు గడప దాటుతున్నాయి. గోడకున్న గ్యాస్ గీజర్ ఇంకా మండుతోంది. ఒంటి మీద ఒక్క గాయం లేదు. ముఖం మాత్రం ఎర్రగా ఉంది.

మధ్యాహ్నానికి డాక్టర్ తేల్చేశాడు. కార్బన్ మోనాక్సైడ్. గాలి ఆడని చోట గీజర్ మండితే పుట్టే విషం. దానికి రంగు లేదు, వాసన లేదు.

సాయంత్రం ఐదింటికి ప్లంబర్‌ని పట్టుకొచ్చి లాకప్‌లో వేశారు. గీజర్ బిగించింది అతనే. దొరికినవాడే దొంగ కదా.

శనివారం ఉదయం ఫైలు ఇన్‌స్పెక్టర్ బల్ల మీదికి వచ్చింది. ఆయన్ని స్టేషన్‌లో వెనకాల అందరూ 'నత్త' అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఏ పనికీ తొందరపడడు. ఈసారి మాత్రం తొందర తప్పదు. సాయంత్రం ఐదు లోపల ప్లంబర్‌ని కోర్టులో హాజరుపరచాలి. ఆ తర్వాత జైలు. లైసెన్సు పోతుంది, దాంతో పాటే కూడూ పోతుంది.

"వెంటిలేటర్ లేకుండా గీజర్ ఎలా పెట్టావయ్యా?"

"పెట్టాను సార్! వెనక గోడకి అడుగు కన్నం కొట్టి మరీ పెట్టాను. బుధవారం నాలుగింటికి గీజర్ వెలిగించి చూపించి వెళ్లాను."

"గోడకి కన్నమే లేదు. ఇంటావిడా లేదనే అంది."

ప్లంబర్ ఊచలు పట్టుకుని అలాగే కూలబడ్డాడు. అబద్ధమాడేవాడైతే ఇంకో కథ అల్లేవాడు అనుకున్నాడు ఇన్‌స్పెక్టర్.

పది నలభైకి ఆయన ఆ ఇంటి పెరట్లో ఉన్నాడు. ఒకప్పుడు పాత సామాన్లు పడేసుకున్న షెడ్డు అది. ఇప్పుడు మంచం, ఫ్యాను, మూలన టైల్స్ వేసిన బాత్రూం. ఇంటావిడ తల్లి కంటి ఆపరేషన్‌కి వస్తోందని గెస్ట్ రూం చేశారు. గురువారం సాయంత్రం ఆవిడ దిగింది. ఒక్క రాత్రి పడుకుంది.

"షెడ్డును గదిగా మార్చడానికి పర్మిషన్ తీసుకున్నారా?"

ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. "అప్లై చేద్దామనుకుంటున్నాం సార్. నేను మంగళవారం క్యాంపుకి వెళ్లి, నిన్న తెల్లవారుజామున ఐదున్నరకే వచ్చాను. ఇంతలో ఈ ఘోరం."

పక్కన భార్య తలెత్తలేదు. చేతివేళ్ల సందుల్లో చర్మం పగిలి తెల్లబారి ఉంది. ఇన్‌స్పెక్టర్ చూశాడు.

పన్నెండింటికి మున్సిపల్ ఆఫీసు. ఇంటి పన్ను గుమాస్తా రిజిస్టర్ తిరగేశాడు.

"గురువారం పదకొండుకి వెళ్లాను సార్. వారం ముందే నోటీసిచ్చాం. షెడ్డు, స్టోర్ రూం. అలాగే రాశాను."

"లోపలికి వెళ్లారా?"

"తలుపు దగ్గర్నుంచి చూశాను. ఎదురుగా అడ్డంగా బస్తాలు, నిచ్చెన. ఒక్కొక్క ఇంట్లో దూరి చూస్తే మాకు తెల్లారుతుందా సార్? బయట చుట్టూ తిరిగి వెంటిలేటర్లు లెక్కపెడతాం. పైన చిన్న కన్నం ఉంటే లోపల బాత్రూం ఉన్నట్టే. బాత్రూం ఉంటే మనుషులుంటున్నట్టే. అప్పుడు పన్ను వేరు, పర్మిషన్ వేరు."

"ఈ సంగతి జనానికి తెలుసా?"

"ఊరందరికీ తెలుసు సార్."

ఇన్‌స్పెక్టర్ చటుక్కున లేచాడు. ఆయన అంత త్వరగా లేవడం డ్రైవర్ ఎన్నడూ చూడలేదు.

రెండు గంటలకు మళ్లీ అదే పెరడు. సున్నం కొట్టిన వెనక గోడ తళతళలాడుతోంది. ఇంటాయనను, భార్యను, గుమాస్తాను నిలబెట్టి, గోడ పైనుంచి కింది దాకా నాలుగు బకెట్ల నీళ్లు కొట్టించాడు. తర్వాత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏంటి సార్ ఇది?" ఇంటాయన విసుక్కున్నాడు.

"ఎండనివ్వండి."

ఎండ మండిపోతోంది. ఇరవై నిమిషాలకు గోడ తెల్లబడింది. తలకు జానెడు పైన ఒక్క చోట మాత్రం తడి ఆరలేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు. గీత గీసినట్టు నలుచదరం.

"పాత గోడ ఆరిపోయింది. కొత్త సిమెంటు ఆరలేదు. సున్నం రంగును దాచింది కానీ తడిని దాచలేకపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ప్లంబర్ బుధవారం నాలుగింటికి వెళ్లాడు. గుమాస్తా గురువారం పదకొండుకి వచ్చాడు. ఆ మధ్య ఈ ఇంట్లో ఉన్నది ఒక్కరే. అమ్మా, మీ చేతులు సిమెంటుకే పగిలాయి కదూ?"

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఒక్క రోజు కోసమే సార్. ఆయన వచ్చాక తీసేద్దామన్నారు. అమ్మకి రాత్రే చెప్పాను, స్నానం ఇంట్లోనే చెయ్యమని. తెల్లారేసరికి ఆయన వచ్చి పడుకున్నారు. అల్లుడు నిద్రపోతుంటే ఆ ఇంట్లో నీళ్ల చప్పుడు చెయ్యాలంటే అమ్మకి మొహమాటం."

"షెడ్డులో ఎందుకు వద్దో చెప్పారా?"

"లేదు సార్." ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది. "పన్ను ఎగ్గొట్టడానికి కన్నం మూశామని అమ్మతో చెప్పడానికి సిగ్గేసింది."

"మూసెయ్యమన్నది ఎవరు?"

"నేను ఊళ్లోనే లేను సార్!" అన్నాడు ఇంటాయన.

భార్య మొదటిసారి ఆయన వైపు చూసింది. "ఫోన్లో చెప్పారు. ఇటుకలు ఎక్కడున్నాయో కూడా చెప్పారు. నిన్న కూడా మీరే అన్నారు. పోయిన మనిషి ఎలాగూ రాదు, నోరు మూసుకో, ప్లంబర్ మీదికి పోతుందిలే అని."

ఇంటాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. గుమాస్తా రిజిస్టర్ గుండెకు హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. తన కలం పోటు కూడా ఇందులో ఉందని అతనికి అప్పుడే తెలిసొచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఆ ముగ్గురినీ వరసగా చూశాడు. ఎవరూ చంపాలనుకోలేదు. ముసలావిడ మాత్రం చచ్చిపోయింది.

నాలుగు యాభైకి ప్లంబర్‌ని వదిలేశారు. స్టేషన్ వరండాలో అతని భార్య చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. అవతల బెంచీ మీద మొగుడూ పెళ్లాలు, మధ్యలో కానిస్టేబుల్.

ప్లంబర్ చెప్పులు వేసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. తిడతాడేమోనని కానిస్టేబుల్ లేచాడు. కానీ అతని గొంతులో కోపం లేదు.

"అమ్మా, బుధవారం వెళ్లేటప్పుడు మీకు చెప్పానా లేదా? ఆ కన్నానికి అడ్డంగా గుడ్డముక్క కూడా పెట్టొద్దని, ప్రాణాలు పోతాయని?"

ఇన్‌స్పెక్టర్ కలం పట్టుకుని ఎదురు చూశాడు.

"చెప్పావు," అంది ఆవిడ.