టాంగ్ చేప సాక్ష్యం

తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి: "తినలేదు."

ఇందుమతి చేతివేళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ఎండబెట్టిన సముద్రపు నాచు ముక్కను క్లిప్పుకి పట్టించి, అక్వేరియం అద్దానికి లోపలివైపు తగిలించింది ఆమే. పసుపుపచ్చ టాంగ్ చేప వచ్చి దాన్ని కొరకడం కూడా చూసింది. చూసినట్టే ఉంది మరి.

"పెట్టాను కదూ?" అందామె. చెప్పినట్టు లేదు, అడిగినట్టుంది.

"నన్నడుగుతారేంటి పిన్నిగారూ? పెట్టలేదని చేపే అంటోంది కదా!" అన్నాడు కామేశం. ఆ అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీ అతను.

విశాఖ సముద్రం ఒడ్డున ఆ భవనం కింది హాల్లో ఉప్పునీటి అక్వేరియం, అందులో బతికున్న పగడాలు. వాటిని మొదటినుంచీ చూసుకుంటున్నది ఇందుమతే. డెబ్భై దాటిన మనిషి. ఈమధ్య స్టవ్ మీద పాలు రెండుసార్లు మాడిపోయాయి. ఆ సంగతి కామేశం చెవిన పడింది. మరుపు నిజమని తేలితే పని వేరేవాళ్ళకి ఇస్తామన్నాడు. పొద్దున్నే లేవడానికి ఆమెకున్న కారణం ఆ చేప ఒక్కటే.

అది తేల్చడానికే, మెదడు సంకేతాల మీద పరిశోధన చేసే డాక్టర్ పైడిరాజు తన కొత్త మెషిన్‌ని అక్వేరియానికి బిగించాడు. చేప మెదడులోని సన్నని విద్యుత్ సంకేతాలను సెన్సర్లు పట్టుకుంటాయి. కంప్యూటర్ వాటిని చదివి, చేపకు తిండి అందిందో లేదో తెర మీద చెబుతుంది.

ఇందుమతి ఇంకో ముక్క పెట్టింది. "తినలేదు." ఇంకొకటి. "తినలేదు." రోజూ ఇదే వరస. మెషిన్ కంటే తన బుర్రే మేలని అనుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది. చేప మేసేదానికంటే ఎక్కువై మిగిలిన నాచు కుళ్ళి నీళ్ళు చెడ్డాయి. పగడాలు ముడుచుకున్నాయి.

పైడిరాజు వచ్చి అక్వేరియం ముందు స్టూలు వేసుకున్నాడు. సాయంత్రందాకా చేపనీ తెరనీ మార్చి మార్చి చూసి, తల పట్టుకున్నాడు.

"తప్పు నాది అమ్మగారూ. సముద్రంలో ఇది మేకలాంటిది. రాళ్ళ మీద నాచు పొద్దస్తమానం మేస్తూనే ఉంటుంది. దీనికి ఆకలి తీరడమన్నది లేదు. నా మెషిన్ ఆకలిని చదివింది, తిండిని కాదు."

"అయితే నేను పెట్టినట్టేనా బాబూ?"

"పెట్టారు. అడుగున కుళ్ళిన నాచే చెబుతోంది. ఒక్కసారి కూడా మరవలేదు."

ఆమె మెట్టు మీద కూలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"తిండిపోతు సాక్షిని నమ్మాను పిన్నిగారూ. పని మీదే" అన్నాడు కామేశం.

మెషిన్ బాగయ్యేదాకా ఆమె దానితో దెబ్బలాడింది. "తినలేదు" అని వెలగగానే, "అబద్ధాలకోరు ముండా! ఇప్పుడే పెట్టాను. అంచు చిరిగిన ముక్క. ముందు కుడిమూల కొరికింది" అని గదమాయించేది. దాన్ని ఓడించడానికి ప్రతీదీ గుర్తుపెట్టుకునేది.

తర్వాత పైడిరాజు ఆకలిని వదిలేసి దవడ కదలికను చదివే మెషిన్ తెచ్చాడు. చేప తింటే "తిన్నది" అని పచ్చగా వెలుగుతుంది, తినకపోతే వెలగదు. ఒక్కసారి కూడా తప్పలేదు. నీళ్ళు తేటబడ్డాయి, పగడాలు విచ్చుకున్నాయి. ఇందుమతి నాచు తగిలించేది, పచ్చ వెలుగు చూసుకునేది, వెళ్ళిపోయేది. దెబ్బలాడే పని లేదు.

ఒక ఉదయం కరెంటు పోయింది. పంపులకు బ్యాటరీ ఉంది, తెరకు లేదు. మెషిన్ ఎలా పనిచేస్తోందో చూద్దామని వచ్చిన పైడిరాజు అక్కడే ఉన్నాడు. కామేశం మామూలుగానే అడిగాడు:

"పిన్నిగారూ, చేపకి పెట్టేశారా?"

ఆమె అక్వేరియం వైపు తిరిగింది. క్లిప్పు ఖాళీగా ఉంది. తినేసిందా, అసలు పెట్టలేదా? చేప ఎప్పటిలాగే రాయి గీరుతోంది. వేళ్ళు వాసన చూసుకుంది. నాచు వాసనే. ఇవాళ్టిదా, నిన్నటిదా?

ఒక్కసారి కూడా తప్పని తన మెషిన్ వైపు పైడిరాజు అయోమయంగా చూశాడు.

ఇందుమతి నల్లటి తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కరెంటు రానీ నాయనా, చెబుతాను."