ఆ మధ్యాహ్నం మోగని ఫోన్

ఆటలో మిడత నడుపుతున్న ఓడ ఆఖరి దీవికి కాస్త దూరంలో ఉంది. ఇంకో రెండు బండలు తప్పించుకుంటే చాలు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

తెర మీద సముద్రం మాయమైంది. పచ్చ గుండ్రం, ఎర్ర గుండ్రం వచ్చాయి. మిడత పచ్చదాన్ని వేలితో పక్కకు లాగింది. ఒక్కసారి లాగితే ఆ ఫోన్ మాట వినదు. రెండోసారీ వినలేదు. మూడోసారికి లైన్ కలిసింది.

"నమస్కారం! మా కొత్త ఆఫర్ గురించి తెలుసుకోవడానికి ఒకటి నొక్కండి..."

"ఛీ!" అంది మిడత. కాల్ కట్ చేసి ఆటలోకి వెళ్ళింది. తెర కాసేపు నల్లగా ఉండిపోయింది. తర్వాత చుక్కలు గిర్రున తిరిగాయి. చివరికి ఓడ కనిపించింది. ఆఖరి దీవి దగ్గర కాదు, మొదటి రేవులో.

మిడత అనేది ఆమె అసలు పేరు కాదు. ఒక్కచోట కాలు నిలవదని నానమ్మ పెట్టిన పేరు. బడిలో టీచర్లు తప్ప అందరూ అలాగే పిలుస్తారు. ఫోన్ చేతిలో ఉంటే మాత్రం పిలిచినా కదలదు.

ఆ ఫోన్ నాన్నది. మిడత ఒకటో తరగతిలో ఉన్నప్పుడు కొన్నది. ఇప్పుడు మిడత ఐదో తరగతి. ఫోన్‌కి ఒక మూల పగిలింది. వెనక మూత ఊడిపోకుండా రబ్బర్ బ్యాండ్ వేశారు. ఛార్జర్ వైరు ఒక పక్కకు వంచి, కింద అగ్గిపెట్టె పెడితేనే ఛార్జింగ్ ఎక్కుతుంది. ఏది తెరవబోయినా "స్టోరేజ్ నిండిపోయింది" అంటుంది. ఓడ ఆట ఎక్కించడానికి మిడత చాలా ఫోటోలు తీసేయాల్సి వచ్చింది. అన్నిటికన్నా పెద్ద జబ్బు బ్యాటరీది. ముప్పై శాతం ఉందని చూపిస్తూనే టక్కున ఆగిపోతుంది.

"దీనికి నాకన్నా ఎక్కువ రోగాలు. నన్ను మానేసి ముందు దీన్ని చూపించండి డాక్టరుకి," అనేది నానమ్మ.

ఇప్పుడు నానమ్మ ఆస్పత్రిలో ఉంది. ఊపిరి ఆడక చేర్పించారు. పగలంతా అమ్మ ఆమె దగ్గర ఉంటోంది. నాన్న బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి, పొద్దున్నే ఒంటి నిండా పిండి వాసనతో వచ్చి పడుకుంటాడు. సాయంత్రం లేచి ఆస్పత్రికి వెళ్తాడు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనే. అవసరమైతే పక్క మంచం వాళ్ళ ఫోన్ అడిగి అమ్మ మాట్లాడుతుంది.

ఆ రోజు ఆదివారం. పడుకోబోతూ నాన్న ఫోన్ మిడత చేతికిచ్చాడు.

"నిద్రపోతే నాకు ఒళ్ళు తెలీదు. అమ్మ ఫోన్ చేస్తే వెంటనే లేపు. ఆట మధ్యలో ఉన్నా సరే. ఏం?"

"అలాగే నాన్నా."

మిడత నిజంగానే లేపుదామనుకుంది. కానీ ఆఖరి దీవి అంత దగ్గరికొచ్చి చేజారిపోయింది. బడిలో ఒక స్నేహితురాలు చెప్పిన కిటుకు గుర్తొచ్చింది. "పై నుంచి తెర కిందికి లాగు. విమానం బొమ్మ ఉంటుంది. అది నొక్కితే ఒక్క కాల్ కూడా రాదు. ఆట కూడా ఆగకుండా పోతుంది."

మిడత లోపలి గదిలోకి తొంగిచూసింది. నాన్న గోడవైపు తిరిగి గాఢంగా నిద్రపోతున్నాడు.

'ఒక్క ఆట. అంతే,' అనుకుంది. విమానం బొమ్మ నొక్కింది.

ఓడ రేవు దాటింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. మునిగిన చోట మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్క ఆట రెండయింది, తర్వాత ఎన్నయ్యాయో ఆమె చూసుకోలేదు. ఫోన్ వేడెక్కి అరచెయ్యి చురుక్కుమంటే చెయ్యి మార్చుకుంది. కిటికీలోంచి పడ్డ ఎండ నేల మీంచి గోడ మీదికి పాకింది.

ఓడ ఆఖరి దీవికి చేరింది. తెర నిండా రంగు కాగితాలు రాలాయి. మిడత ఎగిరి గంతేసింది. అప్పుడు పైన మూలలో ఉన్న చిన్న విమానం కనిపించింది.

గబగబా దాన్ని తీసేసింది. సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే లేచాయి. వెంటనే టింగ్‌మని ఒక మెసేజ్. ఇంకొకటి. మరొకటి. అన్నీ మిస్డ్ కాల్ మెసేజ్‌లే. అన్నీ ఒకే నంబరు నుంచి. అది చదువుతుండగానే ఫోన్ మోగింది.

"ఫోనెందుకు ఆపేశారు?" అమ్మ గొంతు అరుస్తున్నట్టుంది, ఏడుస్తున్నట్టుంది. "ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్! నాన్నేడీ? ముందు లేపు!"

"అదీ... దానంతటదే ఆగిపోయిందమ్మా," అంది.

నాన్న చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు. మిడత చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. దొరికిన మొదటి ఆటో ఎక్కారు. దారంతా నాన్న "తొందరగా పోనీ బాబూ," అని డ్రైవరుతో అంటూనే ఉన్నాడు.

వార్డులో నానమ్మ మంచం చుట్టూ తెర లాగి ఉంది.

బయట అమ్మ నిలబడి ఉంది. నాన్నని చూడగానే తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడే... కాసేపటి కిందట," అంది. "మధ్యాహ్నం నుంచీ ఆయాసం. మిమ్మల్నే అడిగింది. 'వాడొచ్చాడా, వాడొచ్చాడా' అని. వచ్చేస్తున్నాడు అత్తయ్యా అని చెప్తూనే ఉన్నాను. ఫోనేమో కలవదు..."

నాన్న తెర పక్కకు తీసి లోపలికి వెళ్ళాడు. లోపల నుంచి "అమ్మా" అన్న మాట ఒక్కటే వినిపించింది. నాన్న అలా పిలవడం మిడత ఎన్నోసార్లు విన్నది. అలాంటి గొంతుతో ఎప్పుడూ వినలేదు.

ఇంటికి చుట్టాలు వచ్చారు, వెళ్ళారు. మిడత మళ్ళీ బడికి వెళ్ళింది. టీచరు దగ్గరికి పిలిచి తల నిమిరింది. "మీ నానమ్మంటే నీకు చాలా ఇష్టం కదూ?" అంది. మిడత తల దించుకుంది. టీచరు అంత ప్రేమగా మాట్లాడుతుంటే తిట్టినదానికన్నా కష్టంగా అనిపించింది.

ఇంట్లో అమ్మా నాన్నా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. ఒకరోజు అన్నం దగ్గర నాన్న నెమ్మదిగా అడిగాడు.

"ఇంకేమైనా అందా అమ్మ?"

"ఏమంటుంది? మీ కోసం తలుపు వంకే చూసింది," అంది అమ్మ. "ఆ బ్యాటరీ మార్పించమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? చెవిన వేసుకున్నారా?"

"మార్పిద్దామనే అనుకున్నాను."

"అనుకుంటూనే ఉండండి."

నాన్న కంచం పక్కకు జరిపి లేచిపోయాడు. మిడత తన అన్నం కంచంలో అలాగే వదిలేసింది.

ఆ తర్వాత నాన్నకి పగలు నిద్ర పట్టడం మానేసింది. ఇలా కళ్ళు మూసుకునేవాడు, అలా ఉలిక్కిపడి లేచేవాడు. ఫోన్ తీసి వెలుగుతోందో లేదో చూసేవాడు. ఒక పొద్దున మణికట్టుకి కట్టుతో ఇంటికొచ్చాడు. "కునుకు పట్టింది. పొయ్యి లోపలి రేకు తగిలింది," అన్నాడు. అమ్మ కట్టు విప్పి మందు రాసింది. కాలినచోట ఎర్రగా పొంగి ఉంది.

మిడత పక్క గదిలోకి పోయింది. ఫోన్‌లో ఓడ బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుని, చెత్తబుట్ట గుర్తు మీదికి లాగింది. "తీసేయాలా?" అని అడిగింది ఫోన్. తీసేసింది. స్టోరేజ్ నిండిపోయిందన్న మెసేజ్ ఇక రాలేదు. కానీ మిడత గుండెల్లో బరువు రవ్వంతైనా తగ్గలేదు.

చెప్పేద్దామని రోజూ అనుకునేది. అమ్మ ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు. 'ఎలాగూ ఫోన్ పాడైందే కదా. ఎవరికి తెలుస్తుంది?' అని తనకు తనే చెప్పుకునేది.

ఒక సాయంత్రం నాన్న ఆమెను వెంటబెట్టుకుని ఫోన్లు బాగుచేసే షాపుకి వెళ్ళాడు. అది మెట్ల కింద ఇరుకు గది. షాపతను దీపం కిందికి లాగి, రబ్బర్ బ్యాండ్ తీసి, వెనక మూత గోటితో ఊడదీశాడు. బ్యాటరీ బయటికి తీసి గాజు బల్ల మీద పెట్టి, వేలితో తిప్పాడు. అది గిరగిరా తిరిగింది.

"చూశారా అన్నా, బొంగరంలా ఎలా తిరుగుతోందో," అన్నాడు. "మంచి బ్యాటరీ బల్లకి అంటుకుని ఉంటుంది, ఇలా తిరగదు. ఇది ఉబ్బిపోయింది. టక్కుటక్కున ఆగిపోతూ ఉండాలే?"

"అవును తమ్ముడూ. ముఖ్యమైన రోజు ఆగిపోయింది," అన్నాడు నాన్న.

"ఆగదా మరి! దీని తప్పేం లేదు. ఎప్పుడో మార్చాల్సింది."

నాన్న తల ఊపాడు. మిడత వైపు చూశాడు.

"విన్నావా? మీ అమ్మ చెప్పినప్పుడే తెచ్చి ఉంటే మా అమ్మ ముఖం చూసుకునేవాణ్ణి. నా బద్ధకమే ఇంత పని చేసింది."

ఇక మిడతని ఎవరూ ఏమీ అడగరు. అన్నీ తెలిసిన షాపతనే చెప్పేశాడు. ఆమె నోరు మూసుకుంటే చాలు, ఈ విషయం ఎప్పటికీ బయటపడదు.

నాన్న మణికట్టు మీద కట్టు అంచు నల్లబడి ఉంది. మిడత దాన్నే చూస్తూ నిలబడింది.

"నాన్నా, అది ఆగిపోలేదు," అంది.

"ఏది?"

"ఫోన్. ఆ రోజు నేనే... విమానం బొమ్మ నొక్కాను. ఆట మధ్యలో కాల్స్ రాకూడదని. అమ్మ ఫోన్ చేసినంతసేపూ అది నా చేతిలోనే ఉంది. బాగానే ఉంది."

షాపతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. అతను వెనక్కి తిరిగి, ఏదో వెతుకుతున్నట్టు సొరుగు తెరిచాడు. చాలాసేపు వెతుకుతూనే ఉన్నాడు.

నాన్న అరవలేదు. "నేను లేపమన్నాను కదమ్మా," అన్నాడు. అంతే. బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

మిడత కొంచెం దూరంలో నిలబడింది. నాన్న భుజాలు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్ళాలో వద్దో ఆమెకి తెలియలేదు. ఏడవాలని ఉంది, కానీ తను ఏడిస్తే నాన్నే వచ్చి ఊరుకోబెట్టాలి. అందుకని పళ్ళు బిగపట్టింది.

నాన్న తలెత్తకుండానే అన్నాడు.

"మా అమ్మ నా కోసం చూస్తూ పోయింది. అది ఇంక మారదు. నువ్వు చెప్పినా మారదు."

"తెలుసు."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"నువ్వు నీ తప్పనుకుంటున్నావు. అమ్మ కూడా నీ తప్పే అనుకుంటోంది. నువ్వు నిద్ర కూడా పోవట్లేదు."

నాన్న ముఖం తుడుచుకున్నాడు. లోపలికి వెళ్ళి ఫోన్ తీసుకున్నాడు. కొత్త బ్యాటరీ వేశాక వెనక మూత గట్టిగా పట్టింది. రబ్బర్ బ్యాండ్ అవసరం లేకపోయింది.

దారిలో నాన్న ముందు నడిచాడు. మిడత చెయ్యి పట్టుకోలేదు. రోడ్డు దాటే చోట మాత్రం, ఆమె పక్కకి వచ్చేదాకా ఆగాడు.

ఇంట్లో అమ్మ బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"మార్పించారా ఇప్పటికైనా?" అంది.

నాన్న చెప్పులు విడిచి, ఫోన్ అలమారలో పెట్టి, అటే చూస్తూ నిలబడ్డాడు. నాన్న చెప్పడని మిడతకి అర్థమైంది. అడిగితే కూడా చెప్పడు. ఆ మాట ఆయనే పడతాడు.

మిడత వెళ్ళి అమ్మ ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నీకో మాట చెప్పాలి."

"తర్వాత చెప్దువు గానీ. ముందు ఆ దుప్పటి అందుకో."

మిడత దుప్పటి అందుకోలేదు. అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"తర్వాత కాదమ్మా, ఇప్పుడే. నాన్న తప్పేం లేదు. ఆ రోజు ఫోన్ ఆపింది నేను."