తునికాకు గోదాంలో స్విచ్చు

చర్ల దాటినాక అడవి అంచున ఉన్న పాత తునికాకు గోదాం దిక్కు పొద్దుగూకితే మేకలు కూడా పోవట. ఎప్పుడో చచ్చిన, ఆకు కట్టల లెక్క చూసే కల్లేదారు ఇంకా లోపలే ఆకు కట్టలు తిరగేస్తుంటాడట... గర... గర... మని.

అలాంటి చోట తండా పిల్ల సోని స్విచ్చు డబ్బా బిగించింది. తండా దవాఖానాకు నెట్ అక్కడి నుంచే. ఆ డబ్బా చర్ల ఆఫీసు కంప్యూటర్‌ను గడియగడియకూ "ఉన్నవా?" అని పలకరిస్తుంది. బదులు రాకుంటే లైను తెగిందని సోనికీ, ఆఫీసరు ఉదయ్ భాస్కర్‌కూ కబురు పంపుతుంది. ఆ ఏర్పాటు సోనిదే.

పగలంతా బదులొస్తుంది. చీకటి పడిందా — తెగింది... తెగింది... తెగింది.

కల్లేదారే వైరు కొరుకుతున్నాడని తండా తేల్చేసింది. మీ దెయ్యాలతో నేను వేగలేనని ఉదయ్ భాస్కర్ సారు నవ్వాడు. ఈ రాత్రి కూడా తెగితే పొద్దున్నే డబ్బా పీకించి చర్లకు తెప్పిస్తానన్నాడు. తెల్లారితే జమ్లి అవ్వ కోడలిని పట్నం డాక్టరమ్మ వీడియోలో చూడాలి. నెలలు నిండిన పిల్ల.

అందుకే సోని గోదాంలో కాపలా కూర్చుంది. పక్కన చీపురుకట్టతో జమ్లి.

గర... గర...

"ఎలుకలే అవ్వా," అంది సోని. గొంతు మాత్రం ఎలుకలా వచ్చింది.

అంతలో చేతిలో ఫోను వణికింది. *లైను తెగింది.*

టార్చి వేసింది. వైరు నిక్షేపంగా ఉంది. డబ్బా మీద పచ్చ దీపాలన్నీ మిణుకుమంటూనే ఉన్నాయి...

"ముట్టకుండనే తెంపిండు బిడ్డా," జమ్లి గుసగుసలాడింది.

సోని ఆ డబ్బా నెట్ మీదనుంచే సారుకు ఫోను కొట్టింది. ఒక్క రింగుకే ఎత్తాడు. మాట గంటలా వినిపించింది.

సోనికి అప్పుడు తట్టింది. లైను తెగితే — ఈ మాట ఏ దారిన వస్తున్నట్టు?

"సార్... ఆఫీసు కంప్యూటర్ ఆన్‌లనే ఉందా?"

"రాత్రిపూట ఎందుకుంటది? రోజూ మెయిన్ బంద్ చేసి, దండం పెట్టుకొనే ఇంటికొస్త. కరెంటు ఊరికె వస్తదా?"

ఆఫీసన్నాక కంప్యూటర్ ఎప్పుడూ వెలుగుతుందనుకున్న తన తెలివికి సోని నుదురు కొట్టుకుంది. జమ్లి ఫోను లాక్కుంది.

"అంటే దెయ్యం మా కాడ లేదు సారూ. మీ ఆఫీసులనే ఉన్నది. నా చీపురుకట్ట ఈడ దండుగ."

"సార్, జర పోయి ఆన్ చేయుండ్రి," అంది సోని. "తెల్లారేదాకా తెగుతదేమో చూద్దాం."

అవతల ఇంటి తలుపు గొళ్ళెం పడ్డ చప్పుడు కూడా వినిపించింది. లైను అంత బాగుంది.

"ఇప్పుడా... ఒక్కణ్ణేనా?" సారు గొంతు దిగిపోయింది. "ఆఫీసు వెనక చింతచెట్టు సంగతి నీకు తెల్వదు సోనీ... మీ ఇద్దరూ ఆ చీపురుకట్ట పట్టుకొని జల్దీ రారాదు?"