ఏడో పెట్టెలో ఎక్కువైన కాగితం

"పెన్ను ఇక్కడ పెట్టేయండి. లోపల పెన్సిలే."

"నిన్న కూడా చెప్పారండీ."

"రేపు కూడా చెబుతాను."

కళ్లద్దాలబ్బాయి నవ్వుతూ ఏడో పెట్టె తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. తలుపు దగ్గర పెన్నులు తీసుకునే ఆమెకు నవ్వు రాలేదు.

వేల ఏళ్ల నాటి వానలనూ కరువులనూ చెరువుల అడుగు బురదలో వెతికిన శాస్త్రవేత్త కాగితాలవి. ఆయన పోయాక పాత రాతప్రతులు భద్రపరిచే ఈ గదికి చేరాయి. చదవడానికి ఇచ్చే ముందొకసారి, తిరిగి తీసుకున్నాక ఒకసారి లెక్కపెట్టడం ఆమె పని. వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. శుక్రవారం ఆఫీసరు లెక్క సరిచూస్తారు. సరిపోతేనే ఉద్యోగం పర్మనెంటు.

ఏడో పెట్టెలో ఉండాల్సినవి రెండు వందల పన్నెండు. సోమవారం సాయంత్రం రెండు వందల పదమూడయ్యాయి. తనే పొరపాటు పడ్డాననుకుంది. మంగళవారానికి పద్నాలుగు! రెండు రోజులూ ఆ పెట్టె తీసుకుంది ఈ అబ్బాయే.

దొంగ అయితే తగ్గాలి కదా? ఆ శాస్త్రవేత్త పేరిట కల్పించిన కాగితాలు ఇందులో దూర్చి, రేపు వాటినే రుజువుగా చూపిస్తాడేమో!

అతను తలెత్తి ఆమె వైపు చూశాడు. వెంటనే దించుకున్నాడు. ఆమె అనుమానం రెట్టింపైంది.

బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె కిటికీ మూయడానికి వెళ్లినట్టే వెళ్లి, అతని నోట్‌బుక్‌లోంచి పెట్టెలోకి జారుతున్న కాగితాన్ని పట్టుకుంది.

"ఏమిటిది?"

"మా తాతయ్యదండీ, ఈ పెట్టెలన్నీ ఆయనవే. పెట్టెలు ఇచ్చేటప్పుడు అమ్మమ్మ పన్నెండు కాగితాలు దాచుకుంది. ఇప్పుడు ఇచ్చేయమంది. వెనక్కి తిప్పి చూడండి."

ఒకవైపు బురద పొరల లెక్కలు. రెండోవైపు అదే చేతిరాతలో అమ్మమ్మకు ఉత్తరం: 'ఇక్కడ పదివేల ఏళ్ల వానలు కనిపిస్తున్నాయి. మన ఇంటి మీద ఇవాళ వాన పడిందో లేదో మాత్రం నువ్వు రాస్తేనే తెలుస్తుంది.'

ఆమె గొంతు తగ్గింది. "అన్నీ ఒకేసారి ఇస్తే ఫారం రాసి తీసుకునేదాన్నిగా?"

"తీసుకుంటే ఒక్కపూటలో పనైపోయేది. మళ్లీ మిమ్మల్ని చూడ్డానికి ఏ వంకతో రావాలి?"

"మీ వంకకి నా ఉద్యోగం పోయేది!"

అతని మొహం పాలిపోయింది. "అయ్యో, నాకు తట్టనే లేదు." గబగబా మిగతా తొమ్మిదీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడే రాసేసుకోండి. ఇక రాను."

పెట్టెలో చేరిన రెండింటికీ, పట్టుకున్న మూడోదానికీ ఆమె ఫారాలు రాసి సంతకం చేయించుకుంది. తొమ్మిదింటినీ అతని వైపు జరిపింది.

"రోజుకొకటే తీసుకుంటాం."

"అలాంటి రూలుందా?"

"ఇవాళే పెట్టాను. పెన్ను మాత్రం బయటే."