ఖాళీగా ఉంచిన పేజీ

మా పిల్ల అతనితో పరిచయం చేసుకోవడమే కాలు తట్టుకుని పడి చేసుకుంది. అతని మీద కాదులెండి, అతని గొట్టం మీద.

ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదికి వెళ్ళింది. అప్పుడే పొద్దుగూకింది. నాకైతే ఇంకా వెలుతురుగానే ఉంది. నేను మెట్ల మలుపులో ఉన్నాను. అది డాబా ఎక్కితే నేనూ వెనకాలే ఎక్కుతాను, పిట్టగోడ పొట్టిది కదా అని. ఇంతలో ధన్‌మని చప్పుడు.

"కళ్ళు కనపడవా అండీ?" అని ఒక మగగొంతు.

నేను గబగబా రెండు మెట్లెక్కాను.

"నావి బాగానే కనపడతాయి. మీవే నెత్తికెక్కి ఆకాశంలో తిరుగుతున్నాయి," అంది మా పిల్ల, మోకాలు పట్టుకుని. "దారికి అడ్డంగా ఫిరంగి పెట్టుకుని కూర్చున్నారేంటి? ఎవరిమీదకి యుద్ధం?"

"ఫిరంగి కాదండీ, టెలిస్కోపు."

"ఇదా? ఇది డ్రైనేజీ గొట్టం!"

"గొట్టం డ్రైనేజీదే. లోపలి అద్దం మాత్రం నేను నాలుగు నెలలు కూర్చుని అరగదీసింది." అతను టార్చి వేసి గొట్టంలోకి తొంగిచూశాడు. "అమ్మయ్య, పగల్లేదు."

"నా మోకాలు పగిలింది. దానికి కూడా కాస్త టార్చి వెయ్యండి."

అప్పుడు చూశాడు. చూసి, టార్చి ఆర్పడం మర్చిపోయాడు.

వెనక గదిలోకి కొత్తగా అద్దెకి దిగిన ప్లంబరట. పగలంతా ఊళ్ళో వాళ్ళ కుళాయిలు బిగించి, సాయంత్రం ఆ గొట్టం పట్టుకుని డాబా ఎక్కుతాడు. మా ఇంట్లో ఆ రాత్రి నుంచే అతనికి 'గొట్టం' అని పేరు పడిపోయింది.

"గొట్టం ఇవాళ ఇంకా రాలేదేంటే?" అని నేను, "నీకెందుకమ్మా గొట్టం సంగతి?" అని అది. అదేమో కిటికీ వదలదు.

మా పిల్ల సంగతి చెప్పాలి. నేనూ అదీ ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని బతుకుతున్నాం. నా సూదిలో దారం ఎక్కించేది కూడా అదే, అంత చురుకైన చూపు. కానీ ఎదురుగా ఉన్నదే. పక్కనున్నది తెలీదు, చీకటి పడితే అసలే తెలీదు. రేచీకటి. మాత్రలకి తగ్గే రకం కాదు, వంశంలో వచ్చే రకం. చూపు చుట్టూ నుంచి మూసుకుంటూ వస్తుందని, చివరికి గొట్టంలోంచి చూసినట్టు అవుతుందని, ఆ తర్వాత ఎన్నాళ్ళో చెప్పలేమని కంటి డాక్టరు పోయినేడు చెప్పాడు.

"బాగుంది, గొట్టంలోంచి చూడటం ఇప్పటినుంచే ప్రాక్టీసు చేస్తున్నా," అనేది అది, డాబా ఎక్కుతూ. అలాంటి జోకులు వెయ్యొద్దే అని నేను నెత్తి కొట్టుకునేదాన్ని.

ఆ వంశం నాదే. మా అన్నయ్యకి ఇదే వచ్చింది. అతనికి ముప్పై అయిదేళ్ళప్పుడు మా వదిన, రెండు రోజుల్లో వస్తానని పుట్టింటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. అన్నయ్య ఉన్నన్నాళ్ళూ గేటు చప్పుడైతే ముఖం అటు తిప్పేవాడు. అది చూసినదాన్ని నేను. అందుకే మా పిల్ల ముఖంలో సంతోషం కనిపిస్తే నాకు ముందు భయమేసేది.

వేసవి కదా, ఆకాశం నిర్మలంగా ఉండేది. అన్నం తినేసి డాబా మీద చేరేవాళ్ళు. నేను మెట్ల మలుపులో కూర్చుని గుండీలు కుట్టుకునేదాన్ని.

"ఇదిగో, గురుడు. పక్కన నాలుగు చుక్కలున్నాయి, అవి దాని చందమామలు."

"నాలుగా! ఒక్కదానికే మనం ఇంత మురిసిపోతుంటే!"

"ఎన్ని కనిపించాయి నీకు?"

"నాలుగూ. ఒకటి కాస్త దూరంగా, అలిగినట్టుంది."

అతనికి ఒక నోటుబుక్కు ఉండేది. ఎవరు చూసింది వాళ్ళు వేరే పేజీలో బొమ్మ వెయ్యాలి, రెండోవాళ్ళ పేజీ చూడకూడదు. తర్వాత పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. ఆకాశం చూసేవాళ్ళకి అదో పద్ధతట. చూసింది కాక అనుకున్నది వేసేస్తామని భయమట. చందమామ గుంటలు, గురుడి చుక్కలు మా పిల్ల అచ్చు దించినట్టు వేసేది. అవన్నీ వెలుగున్నవి.

పున్నమి దాటి చీకటి రోజులు రాగానే అతను మసకగా ఉండేవాటి మీదికి గొట్టం తిప్పాడు.

"ఆ చుక్కలు తేలులా ఉన్నాయి కదా, ఆ తేలు తోక దగ్గర నక్షత్రాల గుంపు. పొగలా ఉంటుంది. సూటిగా చూడకు, కొంచెం పక్కకి చూడు. అప్పుడు దొరుకుతుంది."

"పక్కకి చూస్తే ఉన్నది కూడా పోతోంది."

"నీకన్నీ వంకలే. కనిపించిందా?"

కాసేపాగి, "ఆ," అంది.

ఆ 'ఆ' నాకు మెట్ల మీద సూదిలా దిగింది.

ఒకరోజు ఉన్నట్టుండి వాన. వేసవి వాన, చెప్పి రాదు. అతను చొక్కా విప్పి గొట్టానికి కప్పి, తను తడుస్తూ మెట్లలోకి పరుగెత్తుకొచ్చాడు. నేను గబుక్కున కింది మెట్టుకి జరిగాను.

"గొట్టానికి చొక్కా, మనిషికి జలుబు," అని మా పిల్ల నవ్వింది. "పెళ్ళయితే ఆవిడ పాపం ఎక్కడ తలదాచుకుంటుందో!"

"ఆవిడకి రెయిన్‌కోటు కొంటాలే." తర్వాత గొంతు తగ్గించాడు. "ఈ గొట్టాన్ని నీ గదిలో పెట్టుకోరాదూ?"

"అద్దె ఎవరిస్తారు?"

"నేను కూడా దాంతోపాటే వచ్చేస్తే?"

వాన దబదబా కురుస్తోంది. మా పిల్ల, "ఆదివారం చెప్తా," అంది.

ఆ రాత్రి అది పడుకోలేదు. "అమ్మా, అంతా చెప్పేస్తాను," అంది.

"చెప్దువుగానిలే తల్లీ. ముందు పెళ్ళిమాటలు కానీ."

"ఇరికించాక చెప్పమంటావా?"

"ఇరికించడం కాదే. మనిషికి కాస్త మమకారం ముదిరితే..."

"మీ వదినకి ముదరలేదా అమ్మా?" అంది. నేను అటు తిరిగి పడుకున్నాను.

శనివారం బుక్కు మా ఇంట్లోనే ఉంది. అది వెయ్యాల్సిన బొమ్మ కోసం అతను వదిలి వెళ్ళాడు. మా పిల్ల దుకాణం సామానుకి వెళ్ళినప్పుడు తెరిచి చూశాను. అతని పేజీ నిండా చుక్కలు. దీని పేజీలో తారీఖు, పైన 'తేలు తోక' అని పేరు, అంతే. కింద ఖాళీ.

ఈ ఖాళీ పేజీ చూసి అడుగుతాడు, అడిగితే ఇది చెప్పేస్తుంది, చెప్పాక అతను 'పాపం' అంటాడు, రెండు రోజుల్లో గది ఖాళీ చేస్తాడు. అప్పటికి వారం క్రితం లైబ్రరీ నుంచి అది తెచ్చుకున్న ఆకాశం పుస్తకం అల్మరాలో ఉంది. తేలు తోక బొమ్మ దొరికింది. ఎంబ్రాయిడరీ డిజైన్లు గుడ్డ మీదికి దింపే కార్బను ఉంది. నా చేతికి అది ముప్పై ఏళ్ళ అలవాటు. ఒక్కొక్క చుక్కా పెన్సిలు మొనతో అదిమి దింపాను. ఎవరి కంటా పడదనుకున్నాను.

ఆదివారం ఇంకా వెలుగుండగానే పైకి వెళ్ళారు.

"నా పేజీ తెరువు," అంది మా పిల్ల. నేను మెట్ల మలుపులోనే ఉన్నాను. "తెరిచి చూసి, తర్వాత నేను చెప్పేది విను. మధ్యలో మాట్లాడొద్దు."

పేజీ తిప్పిన చప్పుడు.

"ఇదెక్కడ చూసి వేశావు?" అన్నాడు.

"వేశానా?"

"వేళాకోళమా? ఈ గొట్టంలో ఆకాశం తలకిందులుగా కనిపిస్తుంది. పైది కిందికి, ఎడమది కుడికి. నా బొమ్మ చూడు. నీది పుస్తకంలో ఉన్నట్టు నిటారుగా నిలబడింది!"

నేను ఇంకో మెట్టెక్కి తల ఎత్తి చూశాను. పుస్తకంలో సరిగ్గా ఉన్నది గొట్టంలో తిరగబడుతుందని నాకేం తెలుసు?

మా పిల్ల బుక్కు తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. కార్బను నీలం అంటిందేమో, వేలితో తుడిచింది. ఒక్కసారి మెట్ల వైపు తల తిప్పింది.

"నేనే వేశాను," అంది.

"ఎందుకు? చూడాలని లేకపోతే లేదని అనొచ్చుగా. ఇన్నాళ్ళూ కనిపించిందా అంటే ఆ అన్నావే, అవన్నీ కూడా?"

"కొన్ని."

"కొన్ని! నేను పిచ్చివాడిలా ఒక్కొక్కటీ వెతికి పెడుతుంటే..." గొట్టం ఎత్తుకున్నాడు. "అవున్లే. ప్లంబరుగాడికి ఆకాశం ఏంటని నవ్వుకుని ఉంటావు."

నా పక్కనుంచే దిగి వెళ్ళిపోయాడు. "నమస్తే ఆంటీ," అని కూడా అన్నాడు. అదింకా కోసింది.

"ఎందుకే నీ మీద వేసుకున్నావు?" అని ఏడ్చాను నేను. "అప్పుడైనా కళ్ళ సంగతి చెప్పకపోయావా?"

"దొంగతనం బయటపడ్డాక చెప్పే నిజం సాకులా ఉంటుందమ్మా." అంతే అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండును. "ఆ పేజీ ఖాళీగా ఉంచిందే చెప్పడానికి. ఎలా మొదలుపెట్టాలో తెలీక, దాన్ని చూపించి మొదలుపెడదామనుకున్నా."

ఎనిమిది రోజులు డాబా మీద ఎవరూ లేరు. మిషను తొక్కుతూనే ఉంది. నా సూదిలో దారం ఎక్కించి ఇస్తూనే ఉంది. నవ్వడం మాత్రం మానేసింది.

తొమ్మిదో రోజు అతను పని చేస్తున్న చోటు వెతుక్కుంటూ వెళ్ళాను. సగం కట్టిన ఇల్లు. స్నానాలగదిలో వాష్‌బేసిను కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రం బయటికి.

"బాబూ, పైన ఆ బండ పడేలా లేదు కదా?"

తల బేసినుకి కొట్టుకుని లేచాడు. "ఆంటీ! మీరిక్కడికి... మీ ఇంట్లో కుళాయి ఏమైనా..."

"కుళాయికేం రోగం. ఆ బొమ్మ నేను దింపాను."

"ఏ బొమ్మ?"

"తేలు తోక. కార్బను పెట్టి దింపాను. దానికి తెలీదు. అది ఖాళీగానే ఉంచింది."

పానా కింద పెట్టాడు. "మీరా? మీరెందుకండీ?"

నాలుక చివరిదాకా వచ్చింది. అన్నయ్య సంగతి, డాక్టరు మాట, అన్నీ. చెప్పేస్తే నా బరువు తీరుతుంది. మింగేశాను. నా జన్మలో నేను మింగిన మాట అదొక్కటే.

"ఎందుకో నేను చెప్పను. అది చెప్పాల్సిన మాట ఒకసారి చెరిపేశాను. నీకు వినాలని ఉంటే దాన్నే అడుగు. వద్దనుకుంటే సరే."

"ఖాళీగా ఎందుకు ఉంచింది?"

"చెప్పనన్నానుగా నాయనా."

సాయంత్రం వచ్చాడు. గొట్టం లేదు, ఉత్త చేతులు. ఇద్దరూ డాబా ఎక్కారు. నేను అలవాటు కొద్దీ మెట్ల మలుపు దాకా వెళ్ళాను.

"అమ్మా, అక్కడే ఉన్నావని తెలుసు. కిందికి వెళ్ళు," అంది పైనుంచి.

వెళ్ళాను. పిట్టగోడ పొట్టిది, వెలుగు తగ్గిపోతోంది, అయినా వెళ్ళాను. గదిలో లైటు వేసుకోకుండా కూర్చున్నాను. పైన మాటలు సన్నగా గొణిగినట్టు, చాలాసేపు, అన్నీ మా పిల్లవే.

ఆ తర్వాత ఏడుపు వినిపించింది. వెక్కి వెక్కి. లేచి తలుపు దాకా పరుగెత్తాను. అక్కడ ఆగాను. మా పిల్ల ఏడుపు పుట్టినప్పటినుంచీ నాకు తెలుసు. అది మా పిల్ల ఏడుపు కాదు.

"ఊరుకో," అంటోంది అది. "ఊరుకోవయ్యా బాబూ. నేనే ఊరుకున్నాను, నీకేంటి?"

ఎప్పటికో దిగి వచ్చారు. అతని కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. నేను మంచినీళ్ళిచ్చాను. తాగేదాకా ఆగి, నా మనసులో ఉన్నది అడిగేశాను.

"వెళ్ళేట్టయితే ఇప్పుడే వెళ్ళు బాబూ. నిన్నేమీ అనుకోం. తర్వాత మాత్రం వెళ్ళకు."

"అమ్మా!" అంది మా పిల్ల.

"అడగనీ." గ్లాసు కింద పెట్టాడు. "వెళ్ళనని ఇప్పుడు ఒట్టేస్తే మీరు నమ్ముతారా?"

అబద్ధం ఆడలేకపోయాను. "నమ్మను."

"నాకూ భయంగానే ఉందండీ. అందుకని ఒట్లు వద్దు. రేపు సాయంత్రం వస్తాను."

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మూడు నెలలకి వాళ్ళిద్దరికీ పెళ్ళి చేశాను.

మూడేళ్ళయింది. మా పిల్లకి ఇప్పుడు గురుడి పక్కన చుక్కలు దొరకడం లేదు. చందమామ మాత్రం, గొట్టాన్ని అతను మెల్లగా జరుపుతుంటే, ముక్కలు ముక్కలుగా చూసుకుంటుంది. ఏ ముక్క చూస్తోందో చెబుతుంది. అతను వింటాడు. నా సూదిలో దారం ఇప్పుడు అతను ఎక్కిస్తున్నాడు, తిట్టుకుంటూ.

సాయంత్రం ఆరున్నర దాటితే నాకు చేతులాడవు. మిషను ఆపేసి గేటు వైపు చెవి పెట్టుకుని కూర్చుంటాను. "వస్తాడమ్మా, పని ఎక్కువ ఉండి ఉంటుంది," అని మా పిల్ల నన్ను చూసి నవ్వుతుంది.

ఇవాళ ఏడు దాటింది. ఏడుంపావు అయింది. గేటు చప్పుడైంది.

ఇవాళ కూడా వచ్చాడు.