బీరువా వెనక గోడ

పొద్దున్నే బకెట్ చప్పుడు వినపడిందంటే ఆ వీధిలో ఎవరికీ గడియారంతో పనిలేదు. తళతళమ్మ ఇల్లు కడగడం మొదలుపెట్టిందన్నమాట. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆవిడకు వేరే ఉంది కానీ, అది రేషన్ కార్డుకే పరిమితమైపోయింది. కాపురానికి వచ్చిన కొత్తలో నేల మెరుపు చూసి పక్కింటావిడ సరదాకి అన్న మాటే స్థిరపడింది. పైకి విసుక్కునేది కానీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే లోలోపల మురిసిపోయేది.

మురిసిపోతే మాత్రం తప్పేముంది? ఎదురుగా బస్సుల డిపో. బస్సు గేటు దాటిన ప్రతిసారీ దుమ్ము లేచి ఇళ్ల మీద పడేది. అలాంటి వీధిలో తెల్ల దుప్పటి తెల్లగా ఉన్న ఇల్లు ఆవిడదొక్కటే. దానికోసం ఆవిడ పడని పాట్లు లేవు. కిటికీలన్నీ బిగించింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది. గది గదికీ బకెట్లతో నీళ్లు పోసి కడిగేది. ఉతికిన బట్టల మీద డిపో దుమ్ము వాలుతుందని వాటినీ బయటికి పోనిచ్చేది కాదు. తన పడకగదిలోనే అడ్డంగా తాళ్లు కట్టించి అక్కడే ఆరేసేది. భర్త మంచం చేరాలంటే తడి చొక్కాల కింద నుంచి వంగి వంగి వెళ్లాలి.

"ఈ ఇంట్లోకి దుమ్ము రావాలంటే టికెట్ కొనుక్కోవాలోయ్," అనేవాడు ఆయన. ఆ డిపోలోనే డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఎంత మాటైనా నవ్వుతూ తేల్చేసేవాడు.

"మీరు మాత్రం ఊరికే వచ్చారు కదా. ముందు ఆ చెప్పులు బయట విడవండి," అనేది తళతళమ్మ.

ఆ రోజూ అలాగే మొదలైంది. నేల కడిగి, బట్టలు పిండి ఆరేసి, ఆవిడ టీ గ్లాసుతో కూర్చుంది. మనవరాలు బుడ్డి నిద్ర మొహంతో వచ్చి ఒళ్లో చేరింది. తల్లిపాలు మానినప్పటి నుంచీ ఆ పిల్ల పడక నాన్నమ్మ పక్కనే. ఒళ్లో చేరీ చేరకముందే దగ్గు మొదలైంది. చిన్న దగ్గే, కానీ ఒక పట్టాన ఆగేది కాదు. తళతళమ్మ వీపు నిమురుతూ ఉండగా, వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు ఆ దగ్గు ఆగేదాకా కదల్లేదు.

కోడలు కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. నెమ్మదైన మనిషి. మాట బయటికి రావాలంటే ముందు నాలుగుసార్లు లోపల తూచుకుంటుంది. ఆ రోజు మాత్రం సూటిగా చెప్పేసింది.

"అత్తయ్యా, ఇవాళ్టి నుంచి బుడ్డి మా గదిలో పడుకుంటుంది."

"ఏం, నా పక్కలో ముళ్లున్నాయా?"

"అలా కాదత్తయ్యా. మొన్న మా అమ్మ దగ్గర ఉన్నన్నాళ్లూ ఒక్కసారి దగ్గలేదు. ఇక్కడికి రాగానే మళ్లీ పట్టుకుంది. ఇంట్లో ఎక్కడైనా చెమ్మ ఉందేమో, గోడలకు బూజు పట్టిందేమో చూసుకోమన్నారు డాక్టరుగారు. మీ గదిలో బీరువా దగ్గర ముక్కవాసన వస్తోంది. ఒక్కసారి జరిపి చూద్దాం."

తళతళమ్మ చేతిలో గ్లాసు ఠక్కున కింద పెట్టింది. బూజట! చెమ్మ గోడల మీద నల్లగా పాకే ఆ మాయదారి బూజు, తన ఇంట్లోనట! ఎవరైనా వచ్చి నీకు వంట రాదన్నా పడేదేమో కానీ, ఈ మాట మాత్రం గుండెలో కలుక్కుమంది.

"బాగుందమ్మా, చాలా బాగుంది. పిల్లను నా దగ్గర్నుంచి లాక్కోవాలంటే నేరుగా అడుగు. నా ఇంటి మీద నిందెందుకు?"

"అమ్మా, అదేం మాట?" అన్నాడు కొడుకు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. అప్పుడే డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు వేసుకుంటున్నాడు.

"నువ్వుండు. ఆ బూట్లు వదిలి లోపలికి రా. ఏమండీ, మీరూ రండి. బీరువా జరపండి. ఒక్క మచ్చ లేకపోతే బుడ్డి నా పక్కనే. ఉందంటే కోడలి ఇష్టం, నేను నోరెత్తను!"

తండ్రీ కొడుకులు చెరో పక్కా పట్టారు. గోడకు అంటుకుపోయిన బీరువా కిర్రుమంటూ ముందుకొచ్చింది. దాంతోపాటే గుప్పున వాసన కొట్టింది.

నేల దగ్గర్నుంచి భుజమెత్తు దాకా గోడంతా నల్లబడిపోయి ఉంది. రంగు పొంగి పొలుసులుగా లేచింది. వెనక సందులో పెట్టిన అట్టపెట్టె అడుగు మెత్తబడి, అందులోని దుప్పట్ల మీద కూడా ఆకుపచ్చగా, బూడిద రంగుగా మచ్చలు. దేన్నైనా నవ్వులాటకు తిప్పేసే భర్త కూడా ఆ పూట నోరు విప్పలేదు. ఆవిడను అన్నిటికన్నా అదే ఎక్కువ బాధించింది.

చివరికి కోడలే అంది. "అవతల బాత్రూం ఉంది కదత్తయ్యా. గోడలో పైపు కారుతున్నట్టుంది."

"అదే అయ్యుంటుంది," అంది తళతళమ్మ. మునిగేవాళ్లకు తాడు అందినట్టు ఆ మాటను గట్టిగా పట్టుకుంది. "పైపే. ఇల్లు కట్టినప్పుడే అతుకు సరిగ్గా వేసుండరు. నాకు అప్పుడే అనుమానం."

అందరూ ఎవరి పనులకు వాళ్లు వెళ్లాక ఆవిడ ఆ గోడ అంతు చూద్దామని గది తలుపులు బిడాయించుకుంది. పొడి బ్రష్షుతో కసిగా గీకింది. నల్లపొడి గదంతా రేగింది. ఆ పైన బ్లీచింగ్ కలిపిన నీళ్లు కుమ్మరించి తుడిచింది. సాయంత్రానికి గోడ తెల్లబడింది. "చూశావా, నా చేతిలో పడితే ఏదైనా అంతే," అని గోడతోనే చెప్పింది.

ఆ సంబరం బుడ్డి బడి నుంచి వచ్చేదాకే. సంచి విసిరేసి నాన్నమ్మా అంటూ గదిలోకి పరుగెత్తిన పిల్ల, గుమ్మం దాటగానే దగ్గుతో ముడుచుకుపోయింది. మొహం ఎర్రబడింది, కళ్ల నుంచి నీళ్లు కారాయి. వెనకే వచ్చిన కోడలు చెప్పులతోనే లోపలికి ఉరికి పిల్లను ఎత్తుకుని వీధిలోకి తీసుకుపోయింది. ఊపిరి తెరిపిన పడ్డాక తిరిగొచ్చి, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి అత్తగారి ముందు గొంతు పెంచింది.

"తలుపులన్నీ వేసి ఇంత ఘాటు పోస్తే పసిదాని ఊపిరి ఏం కావాలత్తయ్యా? పొడిగా గీకితే ఆ బూజంతా గాల్లోకే కదా లేస్తుంది!"

"శుభ్రం చెయ్యడం నాకు నేర్పుతున్నావా? నాకా?"

"నేర్పడం లేదత్తయ్యా. నాకు భయమేస్తోంది."

ఆ రోజు నుంచి బుడ్డి తల్లిదండ్రుల గదిలో పడుకుంది. తళతళమ్మ పక్కన చిన్న దిండు ఒక్కటే మిగిలింది. వారం తిరక్కుండా గోడ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు మళ్లీ తేలాయి. ఆవిడ వాటిని చూసింది. చూడనట్టే ఉండిపోయింది.

కోడలు ప్లంబరును పిలిపించింది. అతను బాత్రూంలో కుళాయిలు కట్టేసి, మీటరు చూసి, గోడ మీద తట్టి, చాలాసేపు పరీక్ష చేశాడు. తళతళమ్మ అతనికి మంచినీళ్లు తీసుకొస్తూ, మాటలు వినపడి తలుపు వెనకే ఆగింది.

"పైపు భేషుగ్గా ఉందమ్మా. ఇటువైపు చుక్క చెమ్మ లేదు. ఆ తడి గదిలోనిదే. తాళ్ల నిండా తడి బట్టలు, ఒక్క కిటికీ తీసి లేదు. ఆ నీరంతా ఎక్కడికి పోతుంది? బీరువా వెనక గాలాడదు కాబట్టి అక్కడ చేరింది."

"నాకూ అలాగే అనిపించిందన్నా," అంది కోడలు. "మా అత్తయ్యతో మాత్రం పైపు బిగించానని చెప్పండి. బట్టలు, కిటికీల సంగతి నేను మెల్లిగా చూసుకుంటాను."

"అంత దాపరికమెందుకమ్మా? ఉన్నమాట చెప్పేస్తే పోలా?"

"ఆవిడ ఈ ఇంటికోసం నడుం విరిగేలా చాకిరీ చేస్తారు. ఎవరూ మెచ్చుకోకపోయినా చేస్తారు. ఆ చాకిరీ వల్లే మనవరాలికి జబ్బు చేసిందని నేనెలా చెప్పను? ఆవిడ తట్టుకోలేరు."

తళతళమ్మ గ్లాసు గుమ్మం దగ్గరే పెట్టేసి గదిలోకి వెళ్లి మంచం మీద కూలబడింది. తల మీద పొద్దున ఆరేసిన బట్టలు వేలాడుతున్నాయి. లేచి కిటికీ అద్దం మీద వేలు పెట్టింది. లోపలి వైపు అద్దమంతా చెమటపట్టి ఉంది. వేలు ఆనిన చోటు నుంచి నీరు ధారగా దిగింది. మరకలు, మచ్చలు, తడి ఆవిడకు ఒకరు చెప్పాలా? ఆ చిన్న ధార చూడగానే అంతా అర్థమైపోయింది. ఇన్నాళ్లూ బకెట్లకు బకెట్లు మోసి ఆ గోడకు నీళ్లు పట్టింది తన చేతులే. బుడ్డి దగ్గిన ప్రతి దగ్గూ తన పుణ్యమే. ఆవిడ నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది.

ఏడుస్తుంటే ఇంకోటి కూడా అర్థమైంది. భర్త ఆవిడ శుభ్రాన్ని వేళాకోళం చేశాడు, కొడుకు చెప్పినట్టు విన్నాడు, వీధంతా పేరు పెట్టి పిలిచింది. దాని వెనకున్న చాకిరీని చూసింది మాత్రం కోడలొక్కతే. తన గొప్ప చెదరకూడదని ఆ అమ్మాయి పరాయి మనిషిని బతిమాలింది. అది తలుచుకుంటే ఆవిడకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు వెనకే, ఎందుకో చెప్పలేనంత గర్వం కూడా పొంగింది.

కళ్లు తుడుచుకుని కిటికీ గడియ లాగింది. ఎన్నేళ్లుగానో తీయని గడియ రాలేదు. భర్తను కేకేసింది. ఆయన సుత్తి తెచ్చి నాలుగు దెబ్బలు వేస్తే రెక్క తెరుచుకుంది. డిపో దుమ్ము దర్జాగా లోపలికి వచ్చింది.

"ఒంట్లో బాగానే ఉందా నీకు?" అన్నాడాయన నిజంగానే కంగారుపడి.

"నిక్షేపంలా ఉంది. ఆ తాళ్లు కూడా విప్పి డాబా మీద కట్టండి." తర్వాత కోడలిని పిలిచింది. "అమ్మాయ్, ఆ గోడను ఎలా బాగుచెయ్యాలో నీకు తెలిసింది నువ్వు చెప్పు. కడిగే పని నాకొదిలెయ్."

పైపు మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఆదివారం బుడ్డిని పక్కింట్లో ఆడుకోమని పంపి, నలుగురూ నడుం బిగించారు. ముక్కుకూ నోటికీ మాస్కులు, చేతులకు రబ్బరు తొడుగులు. గది తలుపు మూసి, కిటికీలు మాత్రం బార్లా తీశారు. పొడి రేగకుండా ముందు గోడను సబ్బునీళ్లతో తడిపారు. పొంగిన రంగునూ గుల్లబారిన సిమెంటునూ కొడుకు మెల్లగా గీకుతుంటే, రాలినదాన్ని రాలినట్టే కోడలు సంచిలో వేసి మూతి కట్టేసింది. మెత్తబడ్డ అట్టపెట్టె, పాడైన దుప్పట్లు పారేశారు. మూలలు, అంచులు తళతళమ్మవి. ఆవిడ చేయి పడిన చోట ఇంకొకరు చూసుకోనక్కర్లేదు. గోడను ఇలాగే కొన్నాళ్లు ఎండబెట్టి, పూర్తిగా ఆరాకే రంగు వేయాలని, బీరువా మళ్లీ పెట్టేటప్పుడు వెనక చేయి పట్టేంత జాగా వదలాలని కోడలు చెప్పింది. నేలను కూడా ఇకమీదట గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలంది. తళతళమ్మ అన్నిటికీ తలూపింది. నేల మాట దగ్గర మాత్రం తల కాస్త ఆలస్యంగా ఊగింది.

సరిగ్గా అప్పుడే, చెప్పాపెట్టకుండా ఆడపడుచు దిగింది. భర్తకు చెల్లెలు. వచ్చిన ప్రతిసారీ కిటికీ అంచు మీద వేలితో రాసి, దుమ్ము అంటిందా లేదా చూసుకునే రకం. ఇన్నేళ్లలో ఆ వేలికి ఏమీ అంటలేదు. ఇవాళ హాల్లో బట్టలు కుప్పలు, నేల మీద తెల్లటి అడుగుజాడలు, ఇంటినిండా దుమ్ము.

"ఇది నీ ఇల్లేనా వదినా?" అందావిడ. ఆశ్చర్యం కన్నా ఆనందమే ఎక్కువుంది ఆ గొంతులో.

కోడలు గబగబా ముందుకొచ్చింది. "బాత్రూం పైపు కారి గోడ పాడైంది పిన్నిగారూ, అందుకని..."

"పైపు కారలేదు," అంది తళతళమ్మ మాస్కు కిందికి లాగి. "పైపు బంగారంలా ఉంది. గోడకు చెమ్మ పట్టించింది నేనే. కిటికీలు బిగించి, బిందెలకొద్దీ నీళ్లు పోసి, తడి బట్టలు ఇంట్లో ఆరేసి, పిల్ల మీదికి తెచ్చాను."

కోడలి చేతిలో సంచి జారింది. "అత్తయ్యా... విన్నారా మీరు?"

"అయితే నీ ఇంట్లోనే బూజు పట్టిందన్నమాట!" అంది ఆడపడుచు.

"పట్టింది. రా, చూపిస్తాను." తళతళమ్మ ఆవిడ చేయి పట్టుకుని గదిలోకి లాక్కెళ్లి, ఇటుకలు బయటపడ్డ గోడ ముందు నిలబెట్టింది. కొత్త నగ చూపించేటప్పుడు కూడా ఆవిడ అంత నిటారుగా నిలబడి ఉండదు. "ఇదిగో, ఇంత మేర. ఇంతమందిమి ఉన్నాం, కనిపెట్టింది మా కోడలొక్కతే. నా మొహం మీద చెప్పే ధైర్యమూ దానికే ఉంది, నా పరువు పోకుండా దాచే మనసూ దానికే ఉంది. ఏదీ, మీ కోడలు నీ బీరువా ఎప్పుడైనా జరిపించిందా?"

గుమ్మం దగ్గర భర్త గట్టిగా దగ్గాడు, నవ్వు దాచుకోవడానికి.

కోడలు కన్నీళ్లు ఆపుకోలేకపోయింది. తళతళమ్మ దగ్గరికి తీసుకుంటే ఆ భుజం మీదే వాలిపోయి, "మిమ్మల్ని అంతేసి మాటలన్నాను అత్తయ్యా. గోడ ఆరగానే బుడ్డిని మీ పక్కనే పడుకోబెడతాను," అంది.

ఆ మాట కోసమే ఆవిడ ఇన్నాళ్లుగా చెవులు రిక్కించుకుని ఉంది. అయినా కోడలి తల నిమిరి నెమ్మదిగా చెప్పింది.

"తొందరేం లేదమ్మా. బాగా ఆరనీ. నువ్వొచ్చి చూసి, సరేనన్నాకే."