ఒంటికన్ను జీపు

"ఇంకా వెనకే ఉంది..."

సర్దానా మెడ తిప్పి చూస్తోంది. మధ్యాహ్నం మూడు దాటిందో లేదో, చీకటి పడిపోయింది. ఆ చీకట్లో ఒకటే లైట్. రెండోది ఎప్పుడో పగిలిపోయింది.

రొదియోన్ జీపు!

"అస్తమానం చూడకు. చూస్తే దూరం పెరుగుతుందా?" కెస్కిల్ యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతున్నాడు.

పొద్దున సైబీరియాలోని యాకుత్స్క్‌లో బయల్దేరేటప్పుడు చుట్టుపక్కలవాళ్ళకి చెప్పింది ఒకటే. మొగుడూ పెళ్ళాం సరదాగా కొలిమా రోడ్డు మీద మగదాన్ దాకా టూర్.

సరదా, నా బొంద!

సర్దానా బంగారు గని క్యాంటీన్‌లో వంటమనిషి. గని సెక్యూరిటీ చీఫ్ రొదియోన్ ఒక డ్రైవర్ని కాల్చి చంపుతుంటే కళ్ళారా చూసింది. చూసింది ఆమె ఒక్కతే. మగదాన్‌లో సర్దానా అన్నయ్య ప్రాసిక్యూటర్. ఆయన ముందు నోరు విప్పేదాకా ప్రాణం నిలవాలి.

మొదటి రోజే పసిగట్టేశాడు పాపిష్టివాడు.

ముందు... మంట!

రోడ్డు పక్కన టైరు కాలుతోంది. ఆగిపోయిన లారీ. చేతులూపుతున్న ముసలాయన.

"ఆపకు కెస్కిల్."

"మైనస్ యాభై. కాసేపట్లో కట్టె అయిపోతాడే."

"ఆగితే మనం అవుతాం."

కెస్కిల్ కాలు అప్పటికే బ్రేక్ మీదుంది. ఈ దారిలో చిక్కుకున్నవాణ్ణి వదిలేసి పోయినవాడికి ఇంటికెళ్ళాక ముద్ద దిగుతుందా? ఆ సంగతి సర్దానాకీ తెలుసు. అందుకే మళ్ళీ వద్దనలేకపోయింది.

ఇంజన్ ఆన్‌లోనే వదిలి దిగారు. చలికాలం ఇక్కడ ఎవడూ ఇంజన్ ఆపడు. ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు.

వాళ్ళు చేరేసరికి ముసలాయన కుప్పకూలాడు.

వెనక బ్రేక్ చప్పుడు...

రొదియోన్ దిగాడు.

సర్దానా కెస్కిల్ వెనక్కి జరిగింది.

"గుడ్లప్పగించి చూస్తావేం చెల్లెమ్మా? కాళ్ళు పట్టుకో. తాత పోయేలా ఉన్నాడు."

వాడే వంగి భుజాలు ఎత్తాడు! ఎంత హంతకుడైనా వాడూ ఈ గడ్డ మీద పుట్టినవాడే.

"మీ కారు నిండా సామానే. నా జీపులో పడుకోబెట్టండి, ఊళ్ళో దింపుతా. దుప్పటి ఉందా? ఉండండి, నేనే తెస్తా."

వాళ్ళ కారు దాకా వెళ్ళి దుప్పటి తెచ్చాడు. ముసలాయనకి కప్పాడు. ఇంకో మాట లేకుండా జీపు పోనిచ్చేశాడు.

సర్దానా ఊపిరి వదిలింది. "తాత మన పాలిట దేవుడయ్యాడు..."

కెస్కిల్ కదలడం లేదు. "సర్దా... విను."

ఏం వినాలి? ఏమీ వినపడటం లేదే.

ఇంజన్ ఆగిపోయింది. తాళం లేదు.

వాడు వెళ్ళింది దుప్పటి కోసం కాదు!

ఫోన్‌కి సిగ్నల్ లేదు. నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఊరు లేదు. లారీలోని స్పేర్ టైరు కూడా మంటలో వేసేశారు. సర్దానాకి కాలివేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. చలికి భయపడాలో, వచ్చే బండికి భయపడాలో అంతకన్నా తెలియడం లేదు.

"ఒక లైట్ కనబడితే అడవిలోకి పరిగెత్తు," అంటున్నాడు కెస్కిల్.

"రెండు కనబడితే?"

"బతికిపోయినట్టే."

చాలాసేపటికి దూరంగా వెలుగు...

ఒకటి.

కాదు... రెండు!

సర్దానా భోరుమంది. ఏడుస్తూనే రోడ్డు మధ్యకి పరిగెత్తింది. రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. పక్కనే కెస్కిల్.

లారీ వేగం తగ్గింది. ఆగింది. డోర్ తెరుచుకుంది.

రొదియోన్.

"తాత క్షేమం చెల్లెమ్మా. వేడి సూప్ తాగుతున్నాడు. నా ఒంటికన్ను జీపుని చూస్తే మీరు దాక్కుంటారుగా? అందుకే ఊళ్ళో లారీ అడిగాను. దారిలో ఇద్దరు చిక్కుకుపోయారన్నాను. ఎవరు, ఏమిటి అని కూడా అడగలేదు, తాళాలు చేతిలో పెట్టేశారు."

"చలికి ఎలాగూ చచ్చేవాళ్ళం..." అన్నాడు కెస్కిల్. "మళ్ళీ ఎందుకొచ్చావు?"

"చలిని నమ్ముకుంటే ఎలా? ఎవడో ఒకడు ఆగి ఎక్కించుకుంటాడు." రొదియోన్ కోటులోంచి పిస్టల్ తీస్తున్నాడు. "నువ్వు ఆగలేదూ?"

ఆపమని ఎత్తిన చేతుల్ని సర్దానా ఇంకా దించనే లేదు.

ఢాం!